బి షిఫ్టు టీము

ఆ ఏడు రెండు నెలలపాటు మా అన్నకు కుడిచెయ్యి నేనే. అన్నం కలిపి పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం వదినె చూసుకునేది. కంప్యూటర్ మౌసు పట్టడం నా వంతు.

2004 నాటి మాట. మా అన్న లింగం పటాన్‌చెరులో ఒక కంపెనీలో రేకులు నొక్కే ప్రెస్ మీద పనిచేసేవాడు. అంతకు ముందు డిసెంబర్‌లో, రేకు సరిచేస్తుండగా ప్రెస్ దిగింది. కుడిచేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. నడుమ మూడూ పోయాయి. నేను ఇంటర్ పూర్తిచేసి జోగిపేట దగ్గర మా ఊళ్ళోనే ఉన్నాను. "వదినె డ్యూటీకి పోతది. వాడు ఒక్కడు ఏం జేస్తడు? పో స్వరూపా, అన్నకు తోడుండు" అని అమ్మ నన్ను ఇస్నాపూర్ పంపింది.

ఇస్నాపూర్‌లో మాది వరుసగా ఉన్న ఆరు కిరాయి గదుల్లో చివరిది. ఆరింటికీ ఒకటే నల్లా. వదినె కౌసల్య పొద్దున్నే మందుగోళీలు ప్యాక్ చేసే కంపెనీకి వెళ్ళిపోయేది. అన్న చేతికి కట్టుతో గోడకు ఒరిగి కూర్చుని కంపెనీ సైరన్ వినేవాడు. "గిది బి షిఫ్టుది" అని నాకు చెప్పేవాడు. అంతకు మించి మాట ఉండేది కాదు.

ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాదుల్లా ఆటోలో పాత కంప్యూటర్ వేసుకుని వచ్చాడు. అతను మొదట అన్నతో పాటు అదే కంపెనీలో బి షిఫ్టులో చేశాడు. తర్వాత మానేసి పటాన్‌చెరు బస్టాండు దగ్గర కంప్యూటర్లు బాగుచేసే దుకాణం పెట్టుకున్నాడు. కంపెనీ వదిలినా బి షిఫ్టు క్రికెట్ టీమును వదల్లేదు. అన్న ఫాస్ట్ బౌలర్, సాదుల్లా స్పిన్నర్.

"ఊకె కూసుంటె పిచ్చి లేస్తది రా. ఇది ఆడు" అన్నాడు సాదుల్లా తీగలు తగిలిస్తూ.

"ఏ చేత్తోని ఆడాలె?" అన్నాడు అన్న.

"దీనికి చెయ్యి అక్కర లేదు. బుర్ర చాలు."

నిజమే. మిగతా ఆటల్లా అది గబగబా మీటలు నొక్కే ఆట కాదు. మనం బంతి వెయ్యం, బ్యాటు ఊపం. టీము మనది. ఎవర్ని ఆడించాలి, ఎవర్ని కూర్చోబెట్టాలి, ఎవరికి బంతి ఇవ్వాలి, అన్నీ మనం చెప్తే కంప్యూటర్ మ్యాచ్ నడిపి ఫలితం చూపిస్తుంది. ఒక సీజన్ అయ్యాక ఇంకో సీజన్. ఆటగాళ్ళకు సీజనుకో ఏడాది వయసు పెరుగుతుంది, ముసలివాళ్ళయి మానేస్తారు, కొత్తవాళ్ళు వస్తారు. లోపలున్నవి ఎక్కడో ఇంగ్లండు జిల్లాల టీములు. పేర్లు మాత్రం మార్చుకోవచ్చు.

ఆ సంగతి కనిపెట్టింది నేను. అన్న చెప్తుంటే ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ పేర్లు కొట్టాను. మొగులయ్య, చిన్నరాములు, సాదుల్లా, అట్లా బి షిఫ్టులో పదిమంది. పదకొండో పేరు దగ్గర అన్న ఆగాడు. నేను అడక్కుండానే లింగం అని కొట్టాను. పక్కన 'రైట్ ఆర్మ్ ఫాస్ట్' అని ఉంది. దాన్ని మార్చలేదు. అన్న చూశాడు కానీ మార్చమనలేదు.

ఆడిన ఆట ఏ పేరుతో ఎక్కడ దాచాలో కంప్యూటర్ అడిగితే 'బి షిఫ్ట్' అని రాసి దాచింది కూడా నేనే. ఈ మాట ఇప్పుడే చెప్పడం మంచిది.

ఏప్రిల్ వచ్చేసరికి అన్న ఎడమచేత్తో మౌసు తిప్పడం నేర్చుకున్నాడు. నేను పొద్దున్నే పటాన్‌చెరులో టైపింగ్ నేర్చుకోవడానికి వెళ్ళేదాన్ని. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి బి షిఫ్టు ఇంకో మ్యాచ్ ఆడి ఉండేది.

ఆదివారాలు మా గది నిండిపోయేది. టీము వాళ్ళంతా తమ ఆట తాము చూసుకోవడానికి వచ్చేవారు. చాప మీద ఇరుక్కుని కూర్చుంటే తెర మీద చిన్న చిన్న అక్షరాల్లో వాళ్ళ పరుగులు వచ్చేవి.

"మల్ల సున్ననేనారా?" అనేవాడు మొగులయ్య. అతను కీపర్. "జెర సూసి పంపు లింగం. మా ఇంటామె పక్క గదిల ఉంది, వింటె రేపటి సంది అన్నం పెట్టది."

"నువ్వు గ్రౌండ్ల గూడ గంతే గద" అన్నాడు చిన్నరాములు.

"నువ్వు మాట్లాడకు. నీకు ఆటల గూడ నీళ్ళు మోసుడే దొరికింది."

ఒక ఆదివారం కొత్త సీజన్ మొదలవగానే తెర మీద మొగులయ్య పేరు ఎర్రగా వచ్చింది. నన్ను చదవమన్నారు. వయసు ముప్పై ఏడు, ఆట నుంచి విరమించాడు అని చెప్పాను. మొగులయ్య నిజంగానే మొహం మాడ్చుకున్నాడు.

"ముప్పై ఏడేండ్లకే రిటైర్ చేసినవా? కంపెనీ గూడ యాభై ఎనిమిది దాక ఉంచుకుంటది గదరా."

గదంతా నవ్వింది. అన్న ఎంత నవ్వాడంటే కట్టు ఊడదీసిన ఆ చేతిని అందరి ముందూ తొడ మీద కొట్టుకున్నాడు. అంతవరకు ఎవరొచ్చినా దాన్ని తువ్వాల కింద పెట్టుకునేవాడు. టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి నేను అది చూశాను. చూసీ లెక్కలోకి తీసుకోలేదు.

"దిగులు పడకు మొగులన్నా. కొత్తది వచ్చింది" అన్నాడు సాదుల్లా. "దాంట్ల మల్ల అందరు జవాన్లే."

"కొత్తదంటె?"

"ఇదే ఆట. ఈ ఏడుది. ఏటేటా ఒకటి వదుల్తరు. లోపల ఇంజను ఇదే. పేర్లు మారుస్తరు, వయసులు మారుస్తరు, అట్ట మీద బొమ్మ మారుస్తరు. నేను అమ్మేటోణ్ణి, నేనే చెప్తున్న, దండుగ."

మొగులయ్య ఒప్పుకోలేదు. "పంచాంగం గూడ ఏటేటా గట్లనే గద. తిథులు మారినయని కొనమా? పాతది వెట్టుకొని ముహూర్తం వెడ్తవా?"

"నిజంగ ఎవరు ఆడుతున్నరో, ఎవరు మానేసిండ్రో తెలువాలన్నోళ్ళకు పనికొస్తది" అన్నాడు సాదుల్లా. "కని దీంట్ల ఆడింది దాంట్లకు రాదు. మొదటికెల్లి షురూ జెయ్యాలె."

"మనోళ్ళు ఉండరా?" అన్నాడు అన్న.

"ఉండరు."

"ఇగ నాకెందుకది?" అన్నాడు అన్న. "పంచాంగంల మొగులన్న పేరు లేదు, అందుకే ఏటేటా కొంటడు. దీంట్ల ఉంది."

ఆ ముచ్చట అంతటితో అయిపోయింది. నా మనసులో మాత్రం ఒక మాట ఉండిపోయింది. దీంట్లోది దాంట్లోకి రాదు.

మే మొదటి వారంలో వదినె నన్ను నల్లా దగ్గర పట్టుకుంది. అప్పటికి ఆమెకు ఐదో నెల. రోజంతా నిలబడి గోళీలు ప్యాక్ చేసి వచ్చి, బిందె కింద పెట్టి నడుము పట్టుకుని నిలబడింది.

"స్వరూపా, మీ అన్నకు కంపెనీ గేటుకాడ కుర్సీ పని ఇస్తమన్నరు, ఎరికేనా? వచ్చేపోయే బండ్ల నంబర్లు రాసుకునుడు. జూన్ ఒకటికి చేరకుంటె ఇంకోణ్ణి పెట్టుకుంటరట."

"అన్న ఏమంటుండు వదినె?"

"సీజన్ అయిపోనీ అంటడు. ఏం సీజన్? మామిడికాయల సీజనా? పొద్దు వొడిసినకాడికెల్లి గా డబ్బా ముంగటనే కూసుంటడు. నేను అడిగితె కసురుతడు. నువ్వన్న చెప్పు. నీ మాట వింటడు."

నేను చెప్పాను. అన్న తెర మీంచి కళ్ళు తీయకుండా, "పోత తియ్యి. ఈ సీజన్ కానీ" అన్నాడు. ఆ సీజన్‌లో బి షిఫ్టు కప్పుకు దగ్గరగా ఉంది. అన్ని సీజన్లలో అదే మొదటిసారి.

రెండు రోజుల తర్వాత పొద్దున వదినె డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మంలో చాలాసేపు వంగి ఉండిపోయింది. వాచిన పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. చివరికి వాటిని గోడకు పెట్టి, అన్న చెప్పులు వేసుకుని టపటపా నడుచుకుంటూ వెళ్ళిపోయింది. అన్న లోపల టీముకు బౌలింగ్ మార్పు ఆలోచిస్తున్నాడు.

ఆ రోజే నేను నిశ్చయించుకున్నాను. అన్నతో పోట్లాడే ధైర్యం నాకు లేదు. ఎవరితోనూ లేదు. నోరు లేనివాళ్ళు చేసే పనే చేశాను.

"కంప్యూటర్ ఊకె ఆగిపోతుందన్నా. ఎండకేమో. సాదుల్లన్నకు సూపించుకొస్త" అన్నాను.

అది ఆగిపోతున్న మాట నిజమే, రోజుకొకసారి. అన్న తానే ఎడమచేత్తో తీగలు ఊడదీసి డబ్బాను ఆటోలో నా ఒళ్ళో పెట్టాడు. "జెర పైలం చెల్లె. ఇంక నాలుగే మ్యాచులున్నయి" అన్నాడు.

దుకాణంలో సాదుల్లా డబ్బా విప్పి దుమ్ము ఊదాడు. నేను అమ్మ ఉగాదికి చీర కొనుక్కొమ్మని ఇచ్చిన డబ్బు బల్ల మీద పెట్టి, కొత్త ఆట సీడీ కావాలన్నాను.

"దండుగని చెప్పిన గద చెల్లె."

"అన్న కావాలన్నడు."

అతను నా మొహం వంక చూశాడు. "దీంట్ల జాగ లేదు. కొత్తది ఎక్కాలంటె మొత్తం ఫార్మాట్ కొట్టాలె. లోపల ఉన్నయన్ని పోతయి. దాచేది ఏమన్న ఉందా? ఉంటె చెప్పు, సీడీ మీదికి ఎక్కిస్త, పది నిమిషాల పని."

"ఏం లేదన్నా."

"టీము?"

"అన్న మొదటికెల్లి ఆడత అన్నడు."

సాదుల్లా చేయి మీట మీద కాసేపు ఆగింది. అతని పేరు కూడా దాంట్లోనే ఉంది. ఆ సీజన్‌లో అందరికన్నా ఎక్కువ వికెట్లు అతనివే. "సరే. వాని ఇష్టం" అని నొక్కాడు. తెర మీద ఒక నీలం గీత ఎడమ నుంచి కుడికి మెల్లగా నిండుతూ పోయింది. సగం నిండినప్పుడు కూడా వద్దనవచ్చు అనుకున్నాను. అప్పటికి లోపల ఏమీ మిగిలి ఉండదని నాకు తెలియదు. నేను వద్దనలేదు.

ఇంటికి వచ్చాక అన్న ఆట తెరిచి పేర్ల జాబితా పైనుంచి కిందికి, మళ్ళీ కిందినుంచి పైకి చూశాడు.

"మనోళ్ళేరి చెల్లె?"

"కొత్తది ఎక్కిచ్చిండన్నా. నీకోసమని తెచ్చిన. జాగ లేక పాతది తీసేసిండు."

"సాదుల్లా అడగలేదా? అందర్ని అడుగుతడు గద, దాచేది ఏమన్న ఉందా అని."

దుకాణంలో చేసింది తప్పు అని అప్పటికే తెలుసు. కానీ దానికి వదినె పాదాలు అడ్డం పెట్టుకోవచ్చు. ఆ తర్వాత నేనన్న మాటకు అడ్డం పెట్టుకోవడానికి ఏమీ లేదు.

"అడగలేదు" అన్నాను.

అన్న మౌసు వదిలి కుర్చీలో వెనక్కి వాలాడు. వరుసలో బీహార్ వాళ్ళ గదిలో కుక్కర్ మూడు కూతలు వేసేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత తెర మీద పేర్లు రెండు చదివి, "దీంట్ల బౌలర్లు మంచోళ్ళే ఉన్నరు" అన్నాడు. నా చీర డబ్బు వృథా పోలేదని నాకు చెప్పడానికే ఆ మాట అన్నాడు. తెర మీద గుడ్డ కప్పేశాడు.

ఆ ఆదివారం మొగులయ్య సాదుల్లాను గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"నీ దుకాణం పాడుగాను. టీము మొత్తాన్ని ఒక్క దినంల మాయం జేసినవ్ గదరా. దాచేదుందా అని ఒక్క మాట అడిగితె నీ నోటి ముత్యాలు రాలుతుండెనా?"

సాదుల్లా లోపలికి చూశాడు. అన్నను కాదు, పొయ్యి దగ్గర ఉన్న నన్ను. టీ పొంగుతోంది. నేను దించలేదు.

"గల్తి అయింది లింగం" అన్నాడు. "యాది మర్సిన."

"పోనీ తియ్" అన్నాడు అన్న. కానీ కూర్చోమని చాప జరపలేదు. సాదుల్లా టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం అతను రాలేదు. మొగులయ్య వచ్చాడు, తెర మీద తెలిసిన పేరు ఒక్కటీ లేక పది నిమిషాల్లో లేచాడు. ఆ తర్వాత ఎవరూ రాలేదు. చాప చుట్టి మూలన నిలబెట్టాను.

జూన్ ఒకటిన అన్న గేటు పనిలో చేరాడు. మొదటి వారం నంబరు రాయడానికి చాలాసేపు పట్టేదట, వెనక లారీలు హారన్లు కొట్టేవట. తర్వాత కుదురుకుంది. వదినె ఏడో నెలలో పని మానేసి ఇంటి దగ్గర ఉండగలిగింది. "నువ్వు కొత్త సీడీ తెచ్చి మంచిపని జేసినవ్ స్వరూపా. తలకాయ నొచ్చి వదిలేసిండు" అని ఇరుగుపొరుగుకు కూడా చెప్పింది. ఆ మాట విన్నప్పుడల్లా నేను ఏదో పని కల్పించుకుని అవతలికి వెళ్ళేదాన్ని.

ఆగస్టులో, పుట్టబోయే బిడ్డకు మెత్తటి పాత గుడ్డలు కావాలని వదినె రేకుపెట్టె వెతకమంది. అడుగున అన్న పాత డ్యూటీ చొక్కాలో చుట్టిన నోటుబుక్కు దొరికింది.

మొదటి పేజీలో చీమలు తొక్కి చెదిరినట్టున్న అక్షరాలు. ఒక్కొక్కటి బొటనవేలంత. కూడబలుక్కుని చదివాను. 'ఏప్రిల్ 3. గేటు ఆఫీసులో రాసి చూపియ్యమన్నరు. రాయరాలే.'

దాని కింద బి షిఫ్టు మ్యాచ్. ఎవరెన్ని పరుగులు, ఎవరికెన్ని వికెట్లు. పేజీ అంచున ఏపీ 23, ఏపీ 23, ఏపీ 23 అని పైనుంచి కింది దాకా. మా జిల్లా లారీల నంబర్లు అట్లాగే మొదలవుతాయి. ప్రతి మ్యాచ్‌కు ఒక పేజీ. పేజీ తిప్పినకొద్దీ అక్షరాలు చిన్నవయ్యాయి, గీత మీద నిలబడ్డాయి. మే నెల వచ్చేసరికి ఎడమచేతి రాత అని చెప్తే తప్ప తెలియనంత కుదిరింది. నేను టైపింగ్‌కూ వదినె డ్యూటీకీ పోయిన పొద్దుటిపూటల్లో, తలుపు వేసుకుని, అన్న కంప్యూటర్ ముందు చేసిన పని అది. సీజన్ అయిపోనీ అన్నది ఈ రాత కుదిరేదాకా అని.

చివరికి వచ్చాను. నేను డబ్బా తీసుకుపోయిన తేదీ తర్వాత ఇంకా నాలుగు పేజీలు రాసి ఉన్నాయి. ఆడని నాలుగు మ్యాచులు. మొదటి పేజీ మీద టీముల పేర్లు, కింద ఒకటే ముక్క. 'వాన. ఆట జరగలే.' రెండోదీ అంతే. మూడోదీ అంతే. నాలుగోది ఫైనల్. 'వాన. కప్పు ఇద్దరికి.'

ఆ ఏడు మే నెలంతా ఇస్నాపూర్‌లో చుక్క వాన లేదు. నల్లా కూడా రోజు విడిచి రోజు వచ్చింది.

మర్నాడు సాదుల్లా దుకాణానికి వెళ్ళాను. ఎవరి కంప్యూటరో విప్పుకుని కూర్చుని ఉన్నాడు. బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు అడిగినవని అన్నకు చెప్త" అన్నాను చివరికి.

అతను స్క్రూలు ఒక్కొక్కటే మూతలో వేస్తూ, "నేను అడగలేదనుకో" అన్నాడు. "మీ అన్నకు నా మీద కోపమొస్తె పటాన్‌చెరుల ఇంకో దుకాణం దొరుకుతది. నీ మీద వస్తె ఇంకో చెల్లె యాడ దొరుకుతది?"

"నీ దోస్తు పాయె గదన్నా."

స్క్రూ ఒకటి కింద పడితే వంగి చాలాసేపు వెతికాడు.

చెప్పాలనే అక్కడినుంచి నేరుగా ఇంటికి వచ్చి, సద్ది గిన్నె కట్టించుకుని కంపెనీ గేటు దగ్గరికి వెళ్ళాను. అన్న కిటికీ వెనక కుర్చీలో ఉన్నాడు. లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ కిందికి దిగి బీడీ వెలిగించుకునేలోపే ఎడమచేత్తో నంబరు రాసేసి, చేయి ఊపి పంపించాడు. కుడిచేయి బల్ల మీద తువ్వాల కింద ఉంది.

గిన్నె కిటికీలోంచి అందించాను. అందించాక కూడా నేను కదల్లేదు.

"ఏంది చెల్లె? ఏమన్న చెప్పేదుందా?"

రిజిస్టర్ మీద అక్షరాలు నాకు తలకిందులుగా కనిపిస్తున్నాయి. అన్నీ గీత మీద నిలబడి ఉన్నాయి.

"ఏం లేదన్నా."

అన్న నన్నే కాసేపు చూశాడు. తర్వాత కిటికీలోంచి మెడ బయటికి పెట్టి, ఎండ కాస్తున్న ఆకాశం వైపు చూశాడు.

"మబ్బు పట్టేటట్టుంది. వాన వస్తదేమో. జల్దీ ఇంటికి పో" అని మళ్ళీ రిజిస్టర్ మీదికి వంగాడు.

ఇస్నాపూర్ చేరేదాకా నడిచే వెళ్ళాను. దారిలో ఒక్క చినుకు కూడా పడలేదు.